పక్కింటి హర్రాజు చూసి నవ్వకు



"ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా నాయనమ్మ నన్ను ఎప్పుడూ తిట్టేది. ఈ వ్యాసం చదివిన తర్వాత మీరూ నన్ను అట్లాగే తిట్టవచ్చు. ఎందుకంటే హాస్టల్లో మనమందరం కలిసి కడుపు పట్టుకుని నవ్విన ఒక నవ్వును గూర్చి, ఆ నవ్వు తప్పు అని చెప్పటానికి కలం పట్టాను. ఆ రోజు నవ్విన వాళ్ళలో నేను కూడా ఉన్నాను. కనుక నీతులు చెప్పే పెద్దమనిషిగా కాక, తప్పు ఒప్పుకునే దోషిగా నా మాట వినండి.

అది 2024 ఫిబ్రవరి. నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. టి.వి. గదిలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ నడుస్తోంది. హైదరాబాద్ ఎఫ్.సి. మళ్ళీ ఓడిపోయింది. వెంటనే మా మిత్రుడొకడు మెస్సులోంచి స్టీలు కంచం పట్టుకొచ్చాడు. సరిహద్దు అవతల బీదరు వైపువాడు, బెంగుళూరు జట్టు అంటే ప్రాణం. పేరు చెప్పను; ఈ సంచిక వాని చేతికీ వస్తుంది. భుజాన తువ్వాలు వేసుకుని, కంచం మీద చెంచాతో కొడుతూ ప్రతివాని ముందుకీ పోయి, "ధర్మం చెయ్యుండ్రి అన్నలారా! హైదరాబాదు ఆటగాళ్ళకు జీతాల్లేవు, తిండి లేదు, బూట్లు కుదువబెట్టిండ్రు. ఒక్క రూపాయి వెయ్యుండ్రి, పుణ్యముంటది" అని పాడటం మొదలుపెట్టాడు. గది గదంతా విరగబడి నవ్వింది. కంచంలో పదకొండు రూపాయలు, ఒక చొక్కా గుండీ పడ్డాయి. హైదరాబాదు పక్షం వాళ్ళం ముగ్గురమో నలుగురమో ఉన్నాం. నవ్వకపోతే ఇంకా అలుసైపోతామని నేనూ నవ్వి ఒక రూపాయి వేశాను.

అదే రాత్రి ఇంటినుంచి ఫోను వచ్చింది. మా నాయిన.

"మెస్ బిల్లు ఇంకో పది దినాలు ఆపమను బిడ్డా. కందుల పైసలు రాలేదు. సేటు ఫోను ఎత్తుతలేడు."

నేను ఏమీ మాట్లాడలేదు. ఫోను పెట్టేసిన తర్వాత నిద్ర పట్టలేదు. చెవుల్లో ఆ కంచం చప్పుడే.

* * *

నా ఊరు నారాయణఖేడ్ దగ్గరి ఒక చిన్న పల్లె. వానమీద ఆధారపడిన నేల. కంది, పత్తి, సోయా, కొంచెం జొన్న. ఆ యేడు మా నాయిన పద్నాలుగు క్వింటాళ్ళ కందులు ఒక వ్యాపారికి ఇచ్చాడు. మార్కెట్టు ధరకంటె క్వింటాలుకు రెండు వందలు ఎక్కువ ఇస్తానన్నాడు సేటు. పైసలు పదిహేను రోజుల్లో అన్నాడు. నమ్మకమే కాగితం. మా ఊళ్ళో మావలె ఇచ్చినవాళ్ళు ఇంకో ఎనిమిది ఇండ్లవాళ్ళు ఉన్నారు. పదిహేను రోజులు రెండు నెలలైంది.

సంక్రాంతి పోయిన తర్వాత నేను ఇంటికి పోయినప్పుడు బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఒక మాట నా చెవిన పడింది. "రెండొందలు ఎక్కువొస్తయని ఉరికిండ్రు గద! అనుభవించనీ." చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళేమీ పరాయివాళ్ళు కారు. మా పొలం గట్టుకు ఆనుకుని ఉన్న రైతులే. వాళ్ళూ కందులే పండిస్తారు. వాళ్ళ కందులు ఆ యేడు వేరే అడ్తికి పోయినాయి, అంతే తేడా.

విచిత్రమేమంటే, కొంతసేపటికి అదే సేటు జీపు ఆ దారినే పోయింది. నవ్వినవాళ్ళు లేచి నిలబడి నమస్తే పెట్టారు.

ఆ రోజు నాకు కోపమొచ్చిందే కాని అర్థం కాలేదు. కంచంలో రూపాయి వేసిన రాత్రి అర్థమైంది. బాకీ ఎగవేసినవాడు ఒకడు, బాకీ రానివాడు ఇంకొకడు. నవ్వు మాత్రం ఎప్పుడూ రెండోవాని మీదనే పడుతుంది. ఎగవేసినవానికి జీపు ఉంటుంది, రానివానికి కంచం ఉంటుంది. కంచం పట్టుకున్నవాణ్ణి చూసి నవ్వటం సులువు.

* * *

ఇప్పుడు ఆ జట్టు కథ కొంచెం చెప్పుకుందాం. ఫుట్‌బాల్ చూడని మిత్రులకు కూడా ఇది తెలియాలి. మా ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే వాలీబాల్‌ను కాలితో తన్ని డ్రిల్లు సారుచేత దెబ్బలు తినటమే. అటువంటి ఊరినుంచి వచ్చిన నేను ఈ ఆటకు దాసుణ్ణి కావటానికి ఒక్క సాయంత్రం కారణం. 2022 మార్చి 20. గోవాలోని ఫతోర్దాలో ఫైనలు. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఆ కేరళ జట్టులో 2016లో మన చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్‌లు వాటాలు కొన్నారు గనుక మా వీధిలో సగంమంది అటే! కేరళ మొదట గోలు చేసింది. ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా సాహిల్ తవోరా దూరంనుంచి కొట్టిన బంతి వలలో పడింది. తర్వాత పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో హైదరాబాదు ఛాంపియన్! పక్కింటివాళ్ళ టి.వి. ముందు నేను ఎగిరిన ఎగురుకు వాళ్ళ బర్రె బెదిరి పలుపు తెంపుకుంది.

జట్టు పుట్టి అప్పటికి మూడేండ్లు కూడా నిండలేదు. 2019 ఆగస్టులో పుట్టింది. మొదటి సీజన్‌లో అట్టడుగు. రెండో సీజన్‌లో అయిదో స్థానం. స్పెయిన్‌నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో మూడో సీజన్‌లో కప్పు. ఆ మరుసటి సీజన్‌లో పట్టికలో రెండో స్థానం. తర్వాత ఒక్కసారిగా బావి ఎండిపోయినట్లయింది. ఆటగాళ్ళకు జీతాలు ఆగాయి. బాకీల మీద ఫిర్యాదులు పోయి, కొత్తవాళ్ళను చేర్చుకోవద్దని ఫిఫా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. 2024 జనవరిలో మన దేశపు ఆటగాళ్ళు కూడా చాలామంది వేరే జట్లకు పోయారు. మిగిలిన కుర్రవాళ్ళను వెంటేసుకుని కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో ఆడించాడు. 22 ఆటల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు. మనం కంచం తిప్పింది ఆ కుర్రవాళ్ళ మీద. నా వయస్సు, నాకంటె రెండేండ్లు పెద్ద వయస్సు వాళ్ళ మీద. జీతం లేకుండా, పెద్దవాళ్ళంతా దిగిపోయిన బండిని లాగినవాళ్ళ మీద.

తర్వాత యజమానులు మారారు. 2025లో జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం మాత్రం ఇక్కడే మిగిలింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఈ జట్టు హైదరాబాదుకు ఎట్లా వచ్చింది? పుణె జట్టు డబ్బు ఇబ్బందుల్లో పడి మూతపడితే, ఆ ఖాళీలో మనది వచ్చింది. 2014నుంచి అయిదేండ్లు ఆ జట్టును ప్రేమించినవాళ్ళు పుణెలో ఉన్నారు. వాళ్ళ గూర్చి మనలో ఎవరైనా ఒక్క మాట అనుకున్నామా? హర్రాజులో తక్కువకు వచ్చిన ఎద్దును తోలుకొచ్చి కొమ్ములకు రంగు పూసినట్లు సంబరం చేసుకున్నాం. ఆ ఎద్దును అమ్ముకున్నవాడు కొట్టంలో కూర్చుని ఏడుస్తున్నాడేమో అని తలంపు రాలేదు. ఇప్పుడు ఆ ఎద్దే మన కొట్టంనుంచి ఢిల్లీకి పోయింది. ఢిల్లీవాళ్ళు కొమ్ములకు రంగు పూస్తారు. ఇదీ వరుస!

* * *

ఇక మా బీదరు మిత్రుని వాదన కూడా న్యాయంగా వినిపించాలి. ఆ రాత్రి తర్వాత రెండు రోజులకు వానితో గట్టిగా తగాదా పడ్డాను. వాడు తెలివైనవాడు. ఇట్లా అన్నాడు:

"అరే, మీరు కప్పు గెలిచిన్నాడు ఎవని పైసలతోని గెలిచిండ్రు? చేతుల లేని పైసలు ఇస్తమని చెప్పి మంచి ఆటగాళ్ళను తెచ్చుకునుడు దొంగాట గాదా? ఉన్నదాంట్లనే సర్దుకున్న జట్లు వెనకబడ్డయి. మీరు అప్పుతోని పెండ్లి చేసిండ్రు, మేము ఉప్పిడి తిని ఊకున్నం. ఇప్పుడు అప్పులోడు తలుపు కొడితే మేము నవ్వొద్దంటవా?"

ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను. తాహతుకు మించి ఖర్చుపెట్టి గెలిచే జట్టు, నిజాయితీగా లెక్క చూసుకుని ఓడిపోయే జట్టుకు అన్యాయం చేస్తుంది. ఆ అన్యాయాన్ని అడగాలి. యజమానుల మీద వ్యంగ్యం విసరటం కూడా తప్పు కాదు. అధికారులు నోరు మెదపనప్పుడు, లెక్కలు బయటపెట్టనప్పుడు, గ్యాలరీలో కూర్చున్నవాని ఎగతాళే ఒక్కోసారి మొదటి ఫిర్యాదు అవుతుంది. మా పల్లెలో కూడా పటేలు చేసిన తప్పును ఎదురుగా అనలేనివాళ్ళు బతుకమ్మ పాటలోనో యక్షగానంలో బఫూను నోటనో అనిపించేవారట.

కాని ఆ బఫూను వేళాకోళం పటేలు మీద! మన కంచం ఎవరి మీద తిప్పాం? అప్పు చేసి పెండ్లి చేసినవాణ్ణి ఎగతాళి చేశామా, ఆ పెండ్లిలో వంట చేసి కూలి రానివాణ్ణి చేశామా? తేడా అక్కడే ఉంది.

* * *

హైదరాబాదు వాళ్ళకు ఈ అనుభవం కొత్తది కాదు. మన తరంవాళ్ళు మరిచిపోయారు గాని, మా అన్నల తరానికి గుర్తుంది. 2008లో ఐ.పి.ఎల్. క్రికెట్ మొదలైనప్పుడు మన జట్టు పేరు డెక్కన్ ఛార్జర్స్. పత్రిక నడిపే డెక్కన్ క్రానికల్ కంపెనీ సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకుంది. మొదటి సంవత్సరం చిట్టచివర. రెండో సంవత్సరం దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వాన ఫైనల్లో బెంగుళూరును 6 పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది. అదీ 2009 మే 24. మూడేండ్లు తిరిగేసరికి కంపెనీ అప్పుల్లో మునిగింది. బ్యాంకులు వెంటపడ్డాయి, ఆటగాళ్ళకు డబ్బు ఆలస్యమైంది, 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. మరుసటి నెలలోనే సన్ టి.వి. వాళ్ళు ఏడాదికి 85 కోట్ల చిల్లరకు కొత్త జట్టు పాడుకున్నారు. మనం నీలం చొక్కా విప్పి నారింజ చొక్కా తొడుక్కున్నాం.

మా అన్న అప్పుడు ఎనిమిదో తరగతి. బడిలో చెన్నై పక్షంవాళ్ళు వాణ్ణి "దివాలా" అని పిలిచేవారట. మూడేండ్లకు, 2015లో, పందేల వ్యవహారంలో చెన్నైని, రాజస్థాన్‌ను రెండేండ్లు నిలిపివేశారు. అప్పుడు మా అన్న ఇంటర్. పాత బాకీ వడ్డీతో తీర్చుకున్నాడట! "ఎంత హాయిగా ఉండెనో చెప్పలేను" అంటాడు. నేను అడిగాను: "తర్వాత?" వాడు కొంచెం ఆలోచించి, "తర్వాత రెండేండ్లు చెన్నైతోని ఆటే లేకపాయె. మజా రాలే" అన్నాడు.

ఆ 'మజా రాలే' అన్న మాటలో పెద్ద సంగతే ఉంది. స్కాట్లాండులో గ్లాస్గో నగరానికి రెండు జట్లు: సెల్టిక్, రేంజర్స్. వందేండ్లకు మించిన వైరం. 2011లో రేంజర్స్‌ను ఒక ఆసామి ఒక్క పౌండుకు కొన్నాడు. మరుసటి యేడే పన్ను బాకీలతో ఆ కంపెనీ దివాలా తీసింది. సెల్టిక్ అభిమానులు ఐస్‌క్రీం, జెల్లీల పేరుతో పాట కట్టి పండుగ చేసుకున్నారు. రేంజర్స్ నాలుగో అంతస్తుకు దిగి మళ్ళీ మెట్టుమెట్టూ ఎక్కి 2016లో గాని పైకి రాలేదు. ఆ నాలుగేండ్లూ సెల్టిక్ ఎదురు లేకుండా లీగు గెలిచింది. ఎదురు లేని గెలుపు ఎట్లా ఉంటుంది? ఒంటెద్దు బండిపందెంలా ఉంటుంది.

ఇంగ్లండులో బరీ అనే చిన్న పట్నపు జట్టు కథ ఇంకా విషాదం. 1885లో పుట్టింది. 1900లో, 1903లో దేశపు పెద్ద కప్పు గెలిచింది. 2018 డిసెంబరులో అదీ ఒక్క పౌండుకు చేతులు మారింది. డబ్బు ఉందని కొత్త యజమాని రుజువు చూపలేకపోవటంతో 2019 ఆగస్టులో లీగు దాన్ని వెళ్ళగొట్టింది. సరిగ్గా మన హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టిన నెల! ఒక చోట నూటముప్పయి నాలుగేండ్ల ముసలి చెట్టు కూలిన నెలలోనే, ఇంకో చోట కుండీలో మొక్క నాటారు. రెండింటికీ వేరు కొరికిన పురుగు ఒక్కటే. జట్టు ఎవరిదో వాళ్ళకు జట్టు మీద హక్కు లేకపోవటం.

* * *

ఇక అసలు మలుపు. 2025 జూలైలో లీగు నిర్వహించే సంస్థ, ఫుట్‌బాల్ సమాఖ్యతో ఒప్పందం తేలలేదని చెప్పి సీజన్‌ను ఆపేసింది. ఆగస్టు వచ్చేసరికి బెంగుళూరు జట్టు తన ఆటగాళ్ళ జీతాలు నిలిపివేసింది. చెన్నై జట్టు పనులు ఆపింది. ఒడిశా కూడా అంతే. అప్పుల వల్ల కాదు, ఆటే ఉంటుందో లేదో తెలియక. మామూలుగా సెప్టెంబరులో మొదలయ్యే ఆట డిసెంబరు దాటినా మొదలు కాలేదు.

మా బీదరు మిత్రుడు ఎప్పుడూ రొమ్ము విరుచుకుని అనే మాట ఒకటుండేది: "మాకు జిందాల్ ఉక్కు కంపెనీ ఉన్నది రా, జీతాలు ఆగుడు మీకే." ఆ వార్త వచ్చిన రోజు వాడు మెస్సులో మూల కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. సికింద్రాబాదులో పుట్టిన సునీల్ ఛెత్రి అంటే వానికి దేవుడితో సమానం. ఆ దేవుడి జట్టుకే జీతం లేదు.

మిత్రులారా, నిజం చెబుతున్నాను. నా చేతిలో స్టీలు కంచం ఉంది. చెంచా ఉంది. గదినిండా జనం ఉన్నారు. ఏడాదిన్నర కింద తిన్న దెబ్బకు బదులు తీర్చుకోవటానికి ఇంతకంటె మంచి ముహూర్తం రాదు. "ధర్మం చెయ్యుండ్రి" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంకొకడు నాకంటె ముందే అనేశాడు. గది నవ్వింది. నా పెదవులు కూడా కొంచెం కదిలాయి, అబద్ధమెందుకు? ఐతే వాని ముఖం చూశాను. చాయ్ హోటలు ముందునుంచి తల వంచుకుని నడిచిపోయిన మా నాయిన ముఖం కనపడింది. పోయి వాని పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. వాడే అన్నాడు: "మీ నాయిన కందుల పైసలు వచ్చినయా?" సగం వచ్చినాయని చెప్పాను. అది నిజమే. సగం వచ్చినాయి. మిగతా సగం ఈ రోజుకీ రాలేదు.

* * *

ఐతే ఏడ్చి ఊరుకోవటమేనా? చదువుకునేవాళ్ళం, ముఖ్యంగా సైన్సు చదివేవాళ్ళం, రోగం చెప్పి మందు చెప్పకపోతే ఎట్లా?

ఒకప్పుడు మన హైదరాబాదు భారతదేశపు ఫుట్‌బాల్‌కు రాజధాని. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950నుంచి 1954దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఆ పోలీసు ఆటగాళ్ళవి గొప్ప జీతాలేమీ కావు. కాని నెల తిరిగితే వచ్చేవి. నౌకరి నౌకరే, ఆట ఆటే. అట్లాగని ఆ రోజులే బంగారమని నేను అనను. ఒక డిపార్టుమెంటు దయమీద నిలబడిన ఆట, ఆ దయ పలచబడగానే వాడిపోయింది. సేటు మీద ఆధారపడితే ఒక తీరు, సర్కారు మీద ఆధారపడితే ఇంకో తీరు. రెండింటిలోనూ చూసేవానికి చేతిలో ఏమీ లేదు.

జర్మనీలో 1998నుంచి ఒక నియమం ఉంది. డబ్బు పెట్టే కంపెనీ ఎంత పెద్దదైనా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, జట్టులో సగంకంటె కొంచెమైనా ఎక్కువ ఓటు సభ్యులైన అభిమానుల చేతిలోనే ఉండాలి. ఇంగ్లండులో బరీ కూలిన తర్వాత జనం ఊరుకోలేదు. 2021లో అభిమానులను అడిగి విచారణ జరిపారు. 2025 జూలైలో చట్టమే చేశారు. ఇకమీద జట్టు కొనేవాని డబ్బు ఎక్కడిది, చరిత్ర ఏమిటి అని అడిగే స్వతంత్ర అధికారి అక్కడ ఉంటాడు. ఆ చట్టం ఎగతాళి పాటలవల్ల రాలేదు. వేర్వేరు జట్ల జెండాలు పట్టుకున్నవాళ్ళు ఒక చోట కూర్చుని అడిగితే వచ్చింది.

మన దగ్గర కూడా అడగవలసినవి పెద్ద విద్యేమీ కాదు. సీజన్ మొదలు కాకముందే ఏడాది జీతాల డబ్బు విడిగా బ్యాంకులో వేయాలి. జట్టు లెక్క ఏటా అచ్చువేయాలి. జట్టును ఇంకో ఊరికి తరలించాలంటే ఈ ఊరి అభిమానులను పిలిచి చెప్పాలి. కందులు కొనే వ్యాపారికి లైసెన్సు, పూచీ ఉండాలని రైతు అడుగుతాడు. ఆటగాని తరఫున మనం అడిగేది కూడా అదే పూచీ. సేటు ఎగ్గొట్టినప్పుడు ఎనిమిది ఇండ్లవాళ్ళు విడివిడిగా ఫోను చేస్తే ఎత్తలేదు. తొమ్మిది ఇండ్లవాళ్ళం కలిసి, చాయ్ హోటల్లో నవ్వినవాళ్ళలో ఇద్దరు కూడా వెంట రాగా, అతని దుకాణం ముందు కూర్చున్న రోజే ఆ సగం పైసలు రాలినాయి. ఆ ఇద్దరు ఎందుకొచ్చారని నాయినను అడిగాను. "వచ్చే యేడు వాళ్ళ కందులు గూడ ఎవడో ఒక సేటు కొనాలె గద" అన్నాడు.

ఇంతకంటె బాగా నేను చెప్పలేను.

మా నారాయణఖేడ్ 1956దాకా బీదరు జిల్లాలో ఉండేది. భాషలను బట్టి రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మెదక్‌లో కలిపారు. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. మూడు జిల్లాలు మారినా ఊరు ఊరి జాగాలోనే ఉంది, ఎందుకంటే ఊరిని ఎవడూ ఒక్క పౌండుకు కొనలేడు, మూటగట్టి ఢిల్లీకి తీసుకుపోలేడు. జట్టు కూడా ఊరివంటిదే కావాలని నా కోరిక. అది అయ్యేదాకా, గెలిచిన జట్టు ఓడిన జట్టును ఎంతైనా ఆటపట్టించనీ. గోలు తప్పినవాణ్ణి, పెనాల్టీ గాలిలోకి కొట్టినవాణ్ణి, తప్పుడు విజిల్ ఊదిన రెఫరీని ఎగతాళి చేద్దాం. ఎగవేసిన యజమాని జీపు ముందు నిలబడి మరీ చేద్దాం. కాని జీతం రానివాని ముందు మాత్రం కంచం తిప్పవద్దు.

నా పసుపుపచ్చ జెర్సీ ఇంకా పెట్టెలో ఉంది. బీదరు మిత్రుడు మొన్న అడిగాడు, "ఇప్పుడు ఏ జట్టు రా నీది?" అని. ఇంకా ఏదీ కాదన్నాను. "ఐతే నాతోని కూసోని బెంగుళూరు ఆట చూడు, మళ్ళ మీకొక జట్టు వచ్చేదాక" అన్నాడు. సరేనన్నాను. గెలిస్తే వాడు ఎగురుతాడు, ఓడితే నేను నవ్వుతాను. ఆ షరతు మీద ఒప్పుకున్నాం.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, నారాయణఖేడ్